ప్రస్థానం సంచి

గౌరీశంకరం మాస్టారు సింగపూరు వెళ్ళడానికి ఆరేళ్ళు చదివారు. బి.ఎడ్. ఏడాదిలో అయిపోయింది గాని సింగపూరు మాత్రం తెమలలేదు.

రేపల్లెలో సోషల్ పాఠం చెప్పే మనిషికి దేశాలంటే ఇష్టం ఉండటంలో వింతేమీ లేదు. ఆ ఇష్టం పటం మీద వేలు జరిగినంత మేరకే జరిగేది, అదే వింత. అక్కడి వానలు, రేవులు, జనాభా అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. లైబ్రరీలో పాత వారపత్రికలు తిరగేసి, సింగపూరులో రోడ్డు మీద ఉమ్మితే జుల్మానా వేస్తారని తెలుసుకున్న రోజు నుంచి పెరట్లో కూడా జాగ్రత్తగా ఉమ్మేవారు.

ఆయన భార్య రాజరాజేశ్వరిది కొల్లిపర. ఏడో తరగతితో చదువు ఆగింది. మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ. పెళ్ళయిన పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఊరు దాటింది ఎవరి పెళ్ళికో, ఎవరి దినానికో. వెళ్ళిన ప్రతిచోటా గుమ్మంలో ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండేవారు. ఆమె చెంబు కింద పెట్టకముందే వంటింటికి దారి చూపేవారు. ఎవరూ ఎదురుచూడని ఊళ్ళో ఒక్కసారి ఈయన పక్కన నడవాలని ఆమె కోరిక. సింగపూరే కానక్కరలేదు. కాని ఆయన సింగపూరు అన్నారు కాబట్టి ఆమె దాన్నే గట్టిగా పట్టుకుంది.

పట్టుకుంది సరే, అది కదిలితేగా. తెనాలిలో సూట్‌కేసులమ్మే ఇమాముద్దీన్ తమ్ముడు కువైటులో ఉన్నాడని తెలిసి మాస్టారు భార్యను వెంటబెట్టుకుని ఆ కొట్టుకి రాకపోకలు మొదలుపెట్టారు.

"విమానంలో పెరుగు ఇస్తారా భాయ్?"

"ఇస్తారేమో సార్. మా తమ్ముడు అడగలేదంట."

"అడక్కుండా ఎలా ఎక్కాడయ్యా?"

ఇమాముద్దీన్ రాజరాజేశ్వరి వైపు చూశాడు. ఆమె సూట్‌కేసు తాళం వైపు చూసింది.

"ఇంతకీ పెట్టె తీసుకుంటారా సార్?"

"ముందు విషయం తేలనీ."

"రెండేళ్ళ నుంచీ తేలుస్తున్నారుగా సార్!"

ఒక వేసవిలో, సముద్రం దాటేవాళ్ళకి ముందు సముద్రం అలవాటు కావాలని ఆయనకు తోచింది. ఆమెను బాపట్ల తీసుకెళ్ళి, సూర్యలంకలో మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టారు.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదండి."

"నాకు తిరుగుతున్నాయి," అని ఆ ఏటికి ప్రయాణం వాయిదా వేశారు. విమానం నీళ్ళలో నిలబడదని చెప్పబోయి ఆమె ఊరుకుంది. కాళ్ళకి చల్లగా హాయిగా ఉంది మరి.

తొంభైమూడు వేసవికి ఎలాగో పాస్‌పోర్టులు వచ్చాయి. మద్రాసులో టికెట్లు చూసే సంజీవరావు రెండు సీట్లు చెప్పి ఉంచాడు. ఇక మిగిలింది ముహూర్తం. సిద్ధాంతి వెంకట సుబ్బయ్యగారు పంచాంగం తీసి పెదవి విరిచారు. విమానం గురువారం. గురువారం దక్షిణానికి వారశూల, అటు బయల్దేరకూడదు.

"దానికేం, ప్రస్థానం పెట్టండి," అన్నారాయన. మంచిరోజు చూసి ఒక సంచి దారిలో ఇంకొకరింట పెట్టి వస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. వెళ్ళేటప్పుడు దాన్ని ఎత్తుకుని సాగిపోవాలి. ఎత్తాక మళ్ళీ సొంత ఇల్లు తొక్కకూడదు. "గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, అంతే."

ఆరేళ్ళు చదివిన మనిషికి గుప్పెడు బియ్యం ఆనుతుందా? ప్రయాణానికి ప్రాణం లాంటి వస్తువు అందులో ఉంటే ఇంకా బలం కదా అని ఆలోచించి, మాస్టారు రెండు పాస్‌పోర్టులూ బియ్యంలో దోపారు. తెనాలిలో రాజరాజేశ్వరి పిన్ని అనంతలక్ష్మి ఇంట్లో మేకుకి సంచి తగిలించి, తృప్తిగా మజ్జిగ తాగి వచ్చారు.

తర్వాతి మంగళవారం ఇంటి ఎదురుగా ఉన్న దశరథరామయ్య మందుల కొట్టుకి మద్రాసు నుంచి ఫోను వచ్చింది. డాలర్లు ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు మీద రాస్తారట, వెంటనే పట్టుకురావాలట. ఈ వారం దాటితే సీట్లు వేరేవాళ్ళకి పోతాయట.

మాస్టారు ఫోను పెట్టి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "ఏం చేస్తాం? సంచి కదిపితే ఇంటికి రాకూడదు. విమానం చూస్తే వచ్చే గురువారం గాని లేదు. అందాకా ఎక్కడుంటాం? దైవం ఒప్పుకోలేదు."

ఆయన మొహంలో రాజరాజేశ్వరి విచారం కోసం వెతికింది. పరీక్ష వాయిదా పడ్డ పిల్లవాడి మొహం కనిపించింది.

"మరి సంచి?" అంది.

"ఉంటుంది. వచ్చే ఏటికి పనికొస్తుంది. మీ పిన్నేమన్నా కొరుక్కు తింటుందా? ఈలోగా జపాను సంగతి కూడా చూస్తాను."

జపాను అనగానే ఆమెకు అర్థమైపోయింది. జపాను తర్వాత ఇంకా చాలా దేశాలున్నాయి. పటం పెద్దది.

"పిన్నికి ఒక మాట చెప్పి రావాలిగా," అంది నెమ్మదిగా.

న్యాయమే అనిపించింది ఆయనకు. మర్నాడు పొద్దున్నే రేపల్లె బండెక్కారు.

"ఆ సంచేంటి?"

"పిన్నికి దోసకాయలండి."

తెనాలిలో మాస్టారు కుర్చీలో కూర్చుని ప్రస్థానం శాస్త్రం అనంతలక్ష్మికి విడమరిచి చెప్పారు. ఎత్తితే వెనక్కి రాకూడదనీ, ఎత్తాక మళ్ళీ దించితే మహాదోషమనీ, అందుకే తాను ఎంత బాధతో మానుకుంటున్నదీ చెప్పారు. చెప్పడం పూర్తయ్యేసరికి రాజరాజేశ్వరి మేకు మీది సంచి భుజాన వేసుకుని వీధిలో ఉంది.

"ఏయ్! ఏంటి ఆ పని? తగిలించు, తగిలించు!"

"దోషం కాదటండీ?"

"దోషమే అల్లుడుగారూ," అంది అనంతలక్ష్మి. "ఇంతసేపూ మీరేగా చెప్పారు!"

"ఇవాళ శూల..."

"బుధవారమండి. దక్షిణానికేం లేదు. పంచాంగం నేనూ చూశాను."

"మరి బట్టలు?"

"దోసకాయల కింద ఉన్నాయండి. టికెట్ల డబ్బు కూడా."

"ఇల్లు?"

"తాళం వేశాను. తాళంచెవి మందుల కొట్టులో ఇచ్చాను."

మాస్టారు సిద్ధాంతం కోసం వెతుక్కున్నారు. ఉన్న సిద్ధాంతమంతా ఇప్పుడే గట్టిగా అప్పజెప్పేశారు. దోసకాయలు పిన్ని ఇంట్లో దిగాయి. వాళ్ళు మద్రాసు బండెక్కారు.

బాపట్ల స్టేషన్లో ఆయన సగం లేచారు. "ఇక్కడ మా స్నేహితుడున్నాడు. దిగి ఒకసారి ఆలోచిద్దామా?"

"ఆరేళ్ళు ఆలోచించారుగా. కాసేపు కూర్చోండి."

కూర్చున్నారు. బండి కదిలింది. కాసేపటికి ఆయన గొంతు బాగా తగ్గింది.

"మద్రాసులో ఎక్కడ దిగుతాం?"

"తెలీదండి."

"స్టేషనుకి ఎవరొస్తారు?"

"ఎవరూ రారండి," అంది రాజరాజేశ్వరి. ఆ మాట తన నోట విని తనకే నవ్వొచ్చింది.

చేసేదేమీ లేక మాస్టారు సంచి ఒళ్ళోకి తీసుకుని, బియ్యం దులిపి, పాస్‌పోర్టు తెరిచారు. అది ఆమెది. చాలాసేపు చూశారు.

"ఫొటో బాగుందే. ఎప్పుడు తీయించుకున్నావు?"

"మీ తర్వాతేనండి. మీరు లేచిన కుర్చీలోనే."