ఉప్పునీళ్ళ సీసా

రమణయ్య చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే అనుకోవాలి, ఎందుకంటే కాసేపట్లో వాడు చేసే పని చూస్తే ఎవరికైనా వాడి రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది.

ఆ పొద్దున అన్న పోలేరయ్యకు వాంతిబేది పట్టుకుంది. ఎండెక్కేసరికి అంత పెద్ద మనిషీ కళ్ళు లోపలికి పోయి, వేళ్ళు ముడతలు పడి, పిలిచినా పలకడం మానేశాడు. రమణయ్యా, వదిన గురవమ్మా ఆయన్ని ఎద్దుల బండిలో పడుకోబెట్టుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న తమ పాళెం నుంచి తాలూకా ఆసుపత్రికి ఎనిమిది మైళ్ళు తోలుకొచ్చారు. దారి పొడుగునా రమణయ్య ఎద్దుల్ని తిట్టాడు, రోడ్డును తిట్టాడు, ఊళ్ళో ఉన్న దేవతలందరికీ మొక్కుకున్నాడు.

డాక్టరుగారు కలరా సూదులు వేయడానికి పల్లెల మీద పోయి ఉన్నారు. ఆసుపత్రిలో ఉన్నది నర్సు మగ్దలీనమ్మ, వార్డు పనివాడు గంగులయ్య. మగ్దలీనమ్మకు యాభై దాటాయి. బక్కపలచని మనిషి. ఆమె కసిరితే ఎక్కిళ్ళు కూడా ఆగిపోతాయని చుట్టుపక్కల చెప్పుకునేవారు.

"ఇంతసేపూ ఏం జేస్తా ఉండారబ్బయ్యా, ముహూర్తం జూసుకుంటా ఉండారా?" అంటూనే ఆమె పోలేరయ్య చేతికి నరం వెతికి సూది గుచ్చింది. ఇనప స్టాండుకు గాజు సీసా తలకిందులుగా తగిలించి, రబ్బరు గొట్టం కలిపింది.

"అదేందక్కా, సీసాలో?" అని అడిగింది గురవమ్మ.

"ఉప్పునీళ్ళు మే. ఒంట్లోవన్నీ పోయినాయి గదా, మళ్ళా పోస్తా ఉండా."

ఒడ్డున పుట్టినవాడికి ఉప్పునీళ్ళంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పదేళ్ళ కిందట గాలివానకు వీళ్ళ పడవ కొట్టుకుపోయి మూడు రోజులు నడిసముద్రంలో ఉండిపోయింది. మంచినీళ్ళ కుండ మొదటిరోజే పగిలింది. చిన్నాన్న కామాక్షయ్య దాహం ఓర్చుకోలేక సముద్రపు నీళ్ళు తాగి, పిచ్చి కేకలు పెడుతూ వీళ్ళ కళ్ళముందే ప్రాణం వదిలాడు. పన్నెండేళ్ళ రమణయ్య కూడా దోసిలి ముంచబోతే పోలేరయ్య వాణ్ణి ఒళ్ళో అదిమిపట్టి, అరచేత్తో నోరు మూసి, ఒడ్డు కనపడేదాకా ఆ చెయ్యి తీయలేదు. అలాంటి అన్న ఒంట్లోకి ఇప్పుడు ఈవిడ ఉప్పునీళ్ళు ఎక్కిస్తోంది.

రమణయ్య ఇంకేమీ ఆలోచించలేదు. స్టాండును ఒక్క గుంజు గుంజాడు. సీసా నేలబడి ముక్కలైంది. అడ్డం వచ్చిన మగ్దలీనమ్మను అదే ఇనపకడ్డీతో కొట్టాడు. కనుబొమ చీలి, మొహం మీద నెత్తురు కారుతూ ఆమె గోడ పక్కన కూలబడింది.

"మా అన్నను చంపేదానికి ఉండావా నువ్వు?" అన్నాడు రొప్పుతూ. గంగులయ్య వచ్చి వాడి రెండు రెక్కలూ విరిచి పట్టుకున్నాడు.

మగ్దలీనమ్మ కొంగు నుదుటికి అదుముకుని గోడ పట్టుకుని లేచింది. భయపడింది పాపం, ఎందుకు భయపడదు? తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్ళిపోతే తప్పుపట్టేవాళ్ళు లేరు. ఆమె వెళ్ళింది బీరువా దగ్గరికి.

"ఇంక మూడు సీసాలే ఉండాయి," అంది గురవమ్మతో. "నీ మొగుడికి అవి చాల్తాయో లేదో నాకే తెలీదు. సముద్రం తాగితే చస్తారని నాకూ తెలుసు. ఇది అంత ఉప్పు కాదు మే. మనం కూట్లో ఏసుకునే చిటికెడు. ఆ చిటికెడు కూడా లేదు ఆయన ఒంట్లో. ఎక్కించమంటావా, వద్దా?"

గురవమ్మ మొగుణ్ణి చూసింది, ఆమెను చూసింది.

"నీ ఉప్పు సంగతి నాకు తెలీదక్కా. నెత్తురు కారతా ఉన్నా మళ్ళా ఆయన దగ్గిరికే వస్తా ఉండావు. ఎక్కించు."

"స్టాండు వంగిపోయింది. వంచినోడే సీసా పట్టుకోవాల," అంది మగ్దలీనమ్మ.

గంగులయ్య పట్టు వదలగానే రమణయ్య వచ్చి రెండు చేతులతో సీసా పైకెత్తి నిలబడ్డాడు. గంగులయ్య ఆమె నుదుటికి కట్టు కడుతూ, "ఠాణాకు పోయి చెప్పనా?" అన్నాడు.

"పో. కొట్టినాడు గదా, చెప్పాల్సిందే. వాళ్ళొస్తే మటుకు సీసాలయ్యేదాకా అరుగు మీద కూర్చోబెట్టు."

ఒక సీసా అయింది. రెండోది అయింది. రమణయ్య భుజాలు మొద్దుబారిపోయాయి. మగ్దలీనమ్మ వచ్చి అన్న నాడి చూసినప్పుడల్లా వాడు ఆమె కట్టువంక చూసి తల దించుకునేవాడు. ఈమె నా తల్లి వయసుది గదా అనుకున్నాడు. ఆ మాట ఇందాక గుర్తురానందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మూడో సీసా సగానికి వచ్చేసరికి పోలేరయ్య కళ్ళు తెరిచాడు. ముందు భార్యను చూశాడు, తర్వాత మగ్దలీనమ్మ నుదురు చూశాడు.

"ఎవురక్కా నిన్ను కొట్టింది?" అన్నాడు నీరసంగా.

ఆమె గొట్టం సవరించింది.

"నేనే అన్నా," అన్నాడు రమణయ్య.

పోలేరయ్య తమ్ముడి వంక తల తిప్పాడు. "దించరా ఆ సీసా. ఆమె కాళ్ళు పట్టుకో."

"దించితే చేతులిరుస్తా," అని కసిరింది మగ్దలీనమ్మ. "కాళ్ళు పట్టుకునేదానికి శానా టైముండాది. ముందు మీ అన్నను బతకనీ."

ఆ మాటకు రమణయ్య ఏడ్చేశాడు. చిన్నపిల్లాడిలా వెక్కుతూనే సీసా మాత్రం బెత్తెడు కూడా కిందికి రానివ్వలేదు. కళ్ళూ ముక్కూ ఏకమై కారిపోతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మగ్దలీనమ్మ అది చూసి, "ఛీ, ఏం మనిషివిరా," అంటూ గుడ్డముక్క తెచ్చి వాడి మొహం తుడిచింది. తర్వాత ముక్కు పట్టుకుని, "చీదు," అంది.

వాడు చీదాడు.