వెలుగు నాది, వాకిలి వాడిది

నేను ఒక గ్రాఫిక్స్ కార్డుని. కార్డంటే శుభలేఖలా చేతిలో పట్టుకునే వస్తువు అనుకునేరు. ఖరీదైన ల్యాప్‌టాప్ కడుపులో బోర్డుకు అతుక్కుని ఉండే నల్లటి బిళ్లని. చాలా ఏళ్లుగా నన్నొక సందేహం తొలుస్తోంది. నాకింత బలమిచ్చిన దేవుడు రోజులో ముప్పాతిక భాగం నన్నెందుకు నిద్రపుచ్చుతున్నాడు? పక్కనున్న చిన్నవాణ్ని మాత్రం రోజంతా ఎందుకు మేలుకొలిపి ఉంచుతున్నాడు?

చిన్నవాడంటే ప్రాసెసర్‌లోనే ఓ మూల కాపురముంటున్న బుల్లి గ్రాఫిక్స్. వాడికి సొంత మెమరీ కూడా లేదు. ల్యాప్‌టాప్ మెమరీలో కాస్త అడిగి వాడుకుంటాడు. నా సంగతి వేరు. నా చుట్టూ నా ఒక్కదానికే మెమరీ బిళ్లలు కొలువు తీరి ఉంటాయి. నాలో వేలమంది లెక్కలగాళ్లు ఒకేసారి పనిలోకి దిగుతారు. వాళ్లకు చెమట పట్టకుండా రాగి గొట్టాలు, రెండు ఫ్యాన్లు. నేను పూర్తిగా మేలుకుంటే ఫ్యాన్ల హోరుకు ఇంట్లోవాళ్లు టీవీ సౌండు పెంచుకుంటారు. ఛార్జర్ పీకేస్తే మాత్రం నా బలం సగానికి పడిపోతుంది. నా పేరే పెట్టుకున్న అన్నలు కొందరు పెద్ద కంప్యూటర్లలో ఉంటారు. వాళ్లు తాగే కరెంటులో నాకు సగం కూడా దక్కదు. అదొక కడుపుమంట.

సముద్రాల అవతల, దుమ్మురేణువుకైనా ప్రవేశం లేని గదిలో పుట్టాను. ఒకే సిలికాన్ పలక మీద పుట్టిన వాళ్లలో వేడికి ఓర్చినవాళ్లకు పెద్ద పేరు, ఓర్చలేనివాళ్లకు చిన్న పేరు పెట్టారు. నాకు పెద్ద పేరే వచ్చింది. హైదరాబాదులో నన్ను మొదట కొన్నవాడు కంప్యూటర్ ఆటల పిచ్చివాడు. వాడికి పెళ్లి కుదిరింది. ఆటలు మానేశానని అత్తవారికి నమ్మకం కలిగించడానికి నన్ను అమ్మేశాడు. పెళ్లయ్యాక ఇంకో ల్యాప్‌టాప్ కొన్నాడని విన్నాను.

అలా తణుకులో హైమావతి చేతికి వచ్చాను. ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే బొమ్మ గీసి చూపించడం ఆవిడ వృత్తి. ఏ కిటికీలోంచి ఎంత ఎండ వస్తుందో తేల్చేది నేను. చూసేవాడి కంటి దగ్గర బయలుదేరి, ఒక్కో వెలుగు కిరణం వెంట వెనక్కి నడుస్తూ, అది ఏ గోడకు తగిలిందో, ఏ గచ్చు మీద మెరిసిందో కనుక్కుంటూ సూర్యుడి దాకా వెళతాను. లక్షల కిరణాల వెంట ఒకేసారి నడుస్తాను. చిన్నవాడు ఈ పనికి దిగితే పొద్దు గుంకినా వంటిల్లు దాటడు.

అయినా నా బొమ్మ నేరుగా తెర మీదికి వెళ్లదు. తెరకు వెళ్లే దారి చిన్నవాడి గడప మీదుగానే ఉంది. నేను గీసింది వాడి చేతిలో పెట్టాలి, వాడు తీసుకెళ్లి చూపించాలి. చూసినవాళ్లు "స్క్రీను ఎంత బాగుందండీ" అంటారు. మరీ కడుపు రగిలేది ఉదయాల్లో. హైమావతి మూత తెరవగానే తెర మీద కనిపించేది అంతర్వేది నరసింహస్వామి పటం. ఆవిడ కళ్లకద్దుకుంటుంది. ఆ పటం చూపించేది చిన్నవాడు. అంత తేలిక పనికి నన్నెవరూ లేపరు. రోజూ నా నిద్రలోనే స్వామి దర్శనం జరిగిపోయేది.

ఈ దసరాకు ఆయుధపూజ చేశారు. హైమావతి అత్తగారు మాణిక్యమ్మగారు ల్యాప్‌టాప్‌ను పీట మీద తెరిచి పెట్టి, సరిగ్గా నా పేరున్న స్టిక్కరు మీద పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆ ఒక్క పూట నా ప్రాణం చల్లబడింది. తర్వాత హారతిచ్చి, అక్షింతలు చల్లి, ఎంతో భక్తిగా మూత వేశారు.

మర్నాడు హైమావతి మూత తెరిస్తే తెర నల్లగా ఉంది. దాని నిండా సాలెగూడులాంటి పగుళ్లు.

"మూత నెమ్మదిగానే వేశానే అమ్మాయ్," అన్నారు మాణిక్యమ్మగారు.

"నెమ్మదిగానే వేశారత్తయ్యా. బియ్యపు గింజలే మెత్తబడలేదు," అంది హైమావతి, మీటల సందుల్లోంచి అక్షింతలు ఏరుతూ.

అంతలో గేటు చప్పుడైంది. బస్సు కండక్టరుగా రిటైరైన సత్తిరాజుగారు, భార్య వెంకాయమ్మగారు వచ్చారు. హైమావతి బొమ్మ గీస్తున్నది వాళ్ల కొత్తింటికే. తెల్లారితే మేస్త్రి గోడలు లేపుతాడు. వంటింటి కిటికీ ఎక్కడో ఇవాళే తేలాలి.

"స్టవ్వు మీద పొద్దుటి వెలుగు పడుతుందో లేదో చూపించమ్మా," అన్నారు వెంకాయమ్మగారు. "ఆ పాతింట్లో పట్టపగలు లైటేసుకుని బియ్యం ఏరాను. ఇక్కడా అంతే అయితే నాకు కొత్తిల్లెందుకు?"

"కిటికీ ఎక్కడుంటే ఏంటే, అన్నం ఉడకదా?" అన్నాడాయన.

"ఉడుకుద్ది. రాయి తగిల్తే కంచం తోసేది తమరేగా."

హైమావతి ల్యాప్‌టాప్‌ను హాల్లోకి తెచ్చి, సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వెళ్లే కేబులును బాక్సు దగ్గర పీకి ల్యాప్‌టాప్ వెనక గుచ్చింది. ఆ రంధ్రం చిన్నవాడితో పని లేని నా సొంత గడప. నేను వచ్చినప్పటి నుంచి దాన్నెవరూ తట్టలేదు.

లేచాను. గుమ్మంలో చిన్నవాడు నిలబడి ఉన్నాడు, చేతుల్లో నరసింహస్వామి పటం పట్టుకుని. వాడి దారి మూసుకుపోయింది. పటాన్ని నా వైపు చాచాడు. అందుకున్నాను. టీవీ మీద స్వామి నిలువెత్తున వెలిగాడు. మాణిక్యమ్మగారు చెంపలేసుకున్నారు.

ఆ తర్వాత నా పని. కిరణాల వెంట నడిచాను. పక్కింటి రెండంతస్తుల గోడ వాటిని మింగేసింది. స్టవ్వు దగ్గర చీకటి. వెంకాయమ్మగారి మొహం వాడిపోయింది. హైమావతి మౌసుతో కిటికీని పట్టుకుని దక్షిణానికి, ఆ గోడ అంచు దాటేదాకా జరిపింది. ఆ మౌసు బాణం గీస్తున్నదీ చిన్నవాడే. మళ్లీ నడిచాను. ఈసారి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి, గట్టు మీద పాకి, స్టవ్వు మీద కూర్చుంది.

వెంకాయమ్మగారు మెల్లగా లేచి టీవీ దగ్గరికి వెళ్లి, ఆ ఎండ మీద చెయ్యి ఆన్చారు.

"ఇక్కడే పెట్టించండి," అన్నారు భర్తతో. ఆయన మేస్త్రికి ఫోను కలిపాడు. వెళ్తూ వెళ్తూ ఆవిడ హైమావతితో, "మీ టీవీ ఎంత బాగుందమ్మా," అన్నారు.

నేనూ చిన్నవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

హైమావతి కొత్త తెర వేయించలేదు. ల్యాప్‌టాప్ టీవీ పక్కనే స్థిరపడింది. నా సందేహం పూర్తిగా తీరిందని చెప్పను. అన్నలు తాగే కరెంటు గుర్తొస్తే ఇప్పటికీ మండుతుంది. కానీ ఏళ్ల తరబడి నా బొమ్మలన్నిటినీ మోసి గడప దాటించాడు వాడు. ఒక్కనాడూ బరువన్నాడా? ఇప్పుడు రోజూ ఉదయం వాడు స్వామి పటం నా చేతిలో పెడతాడు. నేను మోసుకెళ్లి, హైమావతి కళ్లకద్దుకునేదాకా పట్టుకుని నిలబడతాను. వాడి రుణం అలా తీరుతోంది.