బోర్డు నిండుగా ఉండాలి

నేను ఒక ఇత్తడి బిళ్ళను. నంబరు 417. కరెంటు కాల్చేవాడికి బిల్లు వస్తుంది. ఆ కరెంటు కోసం బొగ్గు తవ్వేవాడికి బిళ్ళ వస్తుంది.

నీళ్ళ కరెంటు చాలక దేశం భూమి కడుపు మీద పడ్డ రోజుల్లో పుట్టాను. గని పెట్టారు, ఘనంగానే పెట్టారు. నా మొదటి యజమాని ఊపిరితిత్తుల నిండా బొగ్గు నింపుకుని పోతే, కట్టెల ఖర్చు కలిసొచ్చిందని మేనేజరు చమత్కరించాడు. రెండోవాడు ఆరెపల్లి పోశం.

గనిలో ఒక పద్ధతి. దిగేవాడు దీపాలగదిలో బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. బిళ్ళను బోర్డుకు తగిలిస్తారు. పైకొచ్చి దీపం అప్పగిస్తే బిళ్ళ మళ్ళీ జేబులోకి. అంటే, బోర్డు మీద బిళ్ళ ఉంటే మనిషి కింద ఉన్నట్టు. చదువు రానివాళ్ళకు ఇది ఇట్టే అర్థమయ్యేది. చిక్కల్లా చదువుకున్నవాళ్ళతోనే.

గని పక్క నేలంతా సోలార్ పలకలు పరిచారు. సూర్యుడికి జీతం లేదు, యూనియన్ లేదు, దగ్గు అసలే లేదు. గని మూసే రోజు పొద్దున పంపు మోటారు విప్పుకు రమ్మని పోశాన్ని ఒక్కణ్ణే దింపారు.

"ఓదెలన్నా, నా బిళ్ళ పైలం. గిదే ఆఖరి దిగుడు. పైకొచ్చినంక మా లచ్చవ్వకు బహుమానమిస్త."

"ఇత్తడి బిళ్ళిస్తె ఇంట్లకు రానిస్తదారా? జల్ది రా, బిర్యాని పెడుతున్రట!" అన్నాడు దీపాలగది ఓదెలు.

గని మూసివేత సభకు ముందు మేనేజరు శేషగిరి దీపాలగదికి వచ్చాడు. బోర్డు మీద నేనొక్కదాన్నే.

"ఏంటయ్యా ఇది, పళ్ళూడిన నోరులా! ఫొటోలో నిండుగా ఉండాలి. పాత బిళ్ళలన్నీ తోమి తగిలించండి."

"సార్, బిళ్ళుంటె మనిషి కింద ఉన్నట్టు…"

"అయితే ఇప్పుడు ఆరొందల మంది కింద ఉన్నట్టా?"

అందరూ నవ్వారు. ఓదెలును దండలు మొయ్యమని స్టేజి దగ్గరికి తరిమారు.

"గనిలోంచి అందరూ పైకి ఎక్కారా?" అని ఎవరో అడిగారు.

"ఒక్క కొక్కెమన్నా ఖాళీ ఉందా? అందరూ వచ్చేసినట్టే!" అన్నాడు శేషగిరి.

ముఖ్య అతిథి మీట నొక్కాడు. పాత లైను ఆగింది. దాంతోపాటే గనిలోకి గాలి పంపే ఫ్యానూ, మనుషుల్ని పైకి లాగే యంత్రమూ ఆగిపోయాయి. పట్టపగలు మైదానంలో వెయ్యి సోలార్ బల్బులు వెలిగాయి. "దిగ్విజయం!" అన్నాడు అతిథి. దిగినవాడి సంగతి అడగలేదు.

"పోశం కిందున్నడు!" అని ఓదెలు దండలు పారేసి అరిచాడు. బ్యాండు అంతకన్నా గట్టిగా అరిచింది. సన్మానాలు పూర్తయ్యేదాకా ఓదెలు మాట ఎవరూ వినిపించుకోలేదు. పోశాన్ని సాయంత్రం పైకి తెచ్చారు. తలదీపం మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

పోశం పెళ్ళాం లచ్చవ్వ వచ్చి నన్ను ఇమ్మని అడిగింది. దీపం అప్పగిస్తేనే బిళ్ళ అని రూలు చూపించారు. దీపం విచారణవాళ్ళ దగ్గరుంది.

ఇప్పుడు మేమందరం మ్యూజియంలో, సూర్యుడి కరెంటు కింద మెరుస్తున్నాం. ఓదెలు అప్పుడప్పుడు టిక్కెట్టు కొనుక్కుని వస్తాడు. మిగతా బిళ్ళలన్నీ ఒక్కొక్కటే తీసి కింద పెట్టి, నన్నొక్కదాన్నే ఉంచి, కాసేపు నిలబడి పోతాడు.

అతను గడప దాటగానే మ్యూజియం వాళ్ళు మళ్ళీ అన్నీ తగిలిస్తారు. బోర్డు నిండుగా ఉండాలట.