నిన్న లేని అధికారం

ప్రవేశ పరీక్ష మొదలై చాలాసేపయ్యాక ఒక నల్ల కారు వైద్య కళాశాల గేటులోకి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు దిగారు. ఆలస్యమైందని అంతకుముందే ఒక పల్లెటూరి అమ్మాయిని గేటు బయటే ఆపేశారు. వీళ్లకు మాత్రం డీన్ గుమాస్తా ఎదురొచ్చి, వెనక గదిలోకి తీసుకుపోయాడు. నేనక్కడ రెండో ఏడు చదువుతున్నాను. పరీక్షకొచ్చిన వాళ్లకు గదులు చూపించే పని నాకిచ్చారు. మెట్ల మీద నిలబడి కళ్లారా చూశాను.

ఫలితాలొచ్చాయి. ఆ ఇద్దరికీ సీట్లొచ్చాయి. విల్దానాకు రాలేదు.

విల్దానా మా వీధి పిల్ల. వాళ్ల నాన్న రిఫెత్ బొగ్గుగనిలో పనిచేస్తాడు. చలికాలమంతా ఆమె నా పక్కన కూర్చుని చదివింది. ఎంత బాగా చదివిందో నాకు తెలుసు. జవాబుపత్రం చూపించమని అడగడానికి ఇద్దరం డీన్ కాసుమాగిచ్ దగ్గరికి వెళ్లాం. ఆయన మర్యాదగా కూర్చోబెట్టాడు.

"నా చేతిలో ఏముందమ్మా? సీట్లు ఖాయం చేసేది విద్యాశాఖ" అన్నాడు.

విద్యాశాఖ కార్యదర్శి బెగానోవిచ్ దగ్గరికి వెళ్తే, విశ్వవిద్యాలయం స్వతంత్ర సంస్థ అనీ, అందులో వేలు పెట్టే అధికారం తమకు లేదనీ చెప్పాడు. మళ్లీ డీన్. మళ్లీ విద్యాశాఖ. ఆ వరండాల్లోనే మాలాగే తిరుగుతున్న పిల్లలు, తల్లులు, తండ్రులు కనిపించారు. మొదట ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం. ఎవరు ఎవరి మనిషో ఎవరికి తెలుసు? తర్వాత మాటలు కలిశాయి. రోజూ కళాశాల మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాం. గనివాళ్లు పని దిగి, మసి మొహాలతోనే వచ్చి మా పక్కన కూర్చునేవాళ్లు.

అప్పుడు ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. అవినీతిని కడిగెయ్యడానికి ఇకనుంచి ప్రవేశాలన్నీ తానే చూసుకుంటుందట. ఆ సాయంత్రమే డీన్ మమ్మల్ని లోపలికి పిలిచి కాఫీ పోయించాడు. రాజకీయ నాయకులు విశ్వవిద్యాలయాన్ని మింగేస్తున్నారనీ, విద్యార్థులే దాన్ని కాపాడుకోవాలనీ అన్నాడు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు నెజాద్ అప్పటికే జెండాలు కుట్టించి పెట్టాడు. ఇంత తొందరగా ఎలా కుట్టించాడా అనిపించింది. కాఫీ అలాగే వదిలేసి లేచాను.

మర్నాడు గని క్యాంటీన్‌లో సమావేశం పెట్టుకున్నాం. లోపలి మాట బయటికి పోతోందన్న భయంతో అందరి ఫోన్లూ ఖాళీ సూపు గుండిగలో వేసి మూతపెట్టాం. నెజాద్ లేచి, ఇప్పుడు డీన్‌తో నిలబడకపోతే ద్రోహమే అన్నాడు. ఒక తల్లి అడ్డం తగిలి, దొంగే ఇంటికి కాపలా కాస్తానంటే నమ్మాలా అంది. ప్రభుత్వం వైపు మాట్లాడిన వాళ్లూ ఉన్నారు. అరుపులు పెరిగాయి. రిఫెత్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"కోడిని ఏ కత్తితోని కొయ్యాల్నో కోడినే అడుగుతున్నరు. మనం గీ కత్తి మంచిదా, గా కత్తి మంచిదా అని కొట్టుకుంటున్నం."

"మీ అమ్మాయెక్కడ, రిఫెత్ అన్నా?" నెజాద్ మెల్లగా అడిగాడు. "పొద్దున డీన్ గదిలోంచి రావడం చూశారట."

అందరూ రిఫెత్ వైపు తిరిగారు. అతను తలుపువైపు చూశాడు. అతనికీ తెలియదని మొహంలోనే కనిపించింది. నాకూ ఆమె చెప్పలేదు. అమ్ముడుపోయిందా అన్న మాట నా మనసులోకీ వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

కాసేపటికి విల్దానా వచ్చింది. అందరూ తనవైపే చూస్తుంటే తలుపు దగ్గరే ఆగిపోయింది.

"పిలిచిండ్రు, పోయిన" అంది. "నోరు మూసుకుంటే సీటిస్తనన్నడు డీన్ సారు. మధ్యాహ్నం విద్యాశాఖాయన పిలిచిండు. డీన్ మీద సాక్ష్యం చెప్తే సీటిస్తనన్నడు. మొన్నటిదాక నన్ను చేర్చుకునే అధికారం ఎవ్వలికీ లేకుండె. ఇయ్యాల ఇద్దరికున్నది."

"మరేం జెప్పినవు బిడ్డా?" రిఫెత్ అడిగాడు.

"నా ఒక్కదానికి వద్దన్న."

రిఫెత్ జరిగి తన పక్కన చోటిచ్చాడు. ఆ తర్వాత వాదన ఎక్కువసేపు సాగలేదు. డీన్ వద్దు, ప్రభుత్వమూ వద్దు. తలుపులు తీసిపెట్టి పరీక్ష జరపాలి, పత్రాలు అందరి ముందూ దిద్దాలి. చేతులు లేచాయి. నెజాద్ గుండిగలోంచి తన ఫోన్ తీసుకుని బయటికి పోయాడు. మర్నాడు పొద్దున్నే డీన్ ఆఫీసు ముందూ, విద్యాశాఖ ముందూ పోలీసులున్నారు.

మేం మెట్లు వదలకపోయేసరికి, సెప్టెంబరులో పరీక్ష మళ్లీ పెడుతున్నామన్నారు. నిష్పాక్షికమైన కమిటీ అన్నారు. వెళ్లి చూస్తే ఆ కమిటీ బల్ల వెనక డీన్, కార్యదర్శి పక్కపక్కనే కూర్చుని నీళ్ల సీసా అందించుకుంటున్నారు. తలుపులు మూయమని గుమాస్తాకు చెప్పారు.

విల్దానా లేచింది. తన కుర్చీ ఎత్తుకుని హాల్లోంచి నడిచింది. ఆమె వెనకున్న అబ్బాయి ఎత్తుకున్నాడు. మొదటి పరీక్షనాడు గేటు బయట ఆపేసిన ఆ పల్లెటూరి అమ్మాయి ఎత్తుకుంది. కాసేపటికి ఆవరణంతా వరసలు. ఎండలో, తల్లిదండ్రుల ముందు, గనివాళ్ల ముందు కూర్చుని, ప్రశ్నలు ఇక్కడికే తెండి, ఇక్కడే దిద్దండి అన్నారు. డీన్ కిటికీలోంచి చూసి, ఇది చట్టవిరుద్ధం అన్నాడు. కార్యదర్శి ఫోన్ చేశాడు.

పోలీసులు విల్దానాను కుర్చీతో సహా ఎత్తారు. ఆమె కుర్చీ పట్టు వదల్లేదు. వ్యాను దగ్గర వేళ్లు విడదీశారు. అడ్డం వెళ్లిన రిఫెత్‌ను నేలకేసి అదిమారు. స్టేషన్లో ఆమెను రాత్రంతా ఒకటే అడిగారట, ఎవరిచ్చారు నీకీ అధికారం అని.

పొద్దున్నకి కళాశాల కుర్చీలన్నీ లోపల పెట్టి తాళం వేశారు. గేటు ముందు పోలీసులు వరసకట్టారు. ఇక ఎవరూ రారేమో, భయపడ్డారేమో అనుకుంటూ నేను వీధి మలుపులో నిలబడ్డాను. గని బస్సు వచ్చి ఆగింది. ముందుగా ఒక ముసలమ్మ వంటింటి స్టూలు పట్టుకుని దిగింది. ఆ వెనక చెక్క కుర్చీలు, తోట కుర్చీలు, క్యాంటీన్ బల్లలు. బస్సు తలుపులో పట్టనివాటిని కిటికీల్లోంచి అందిస్తున్నారు.

పెదవి చిట్లిన రిఫెత్ చంకలో రెండు కుర్చీలు పెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి ఒకటి చాపాడు.

"నిలబడ్డవేంది? పట్టు."