కడుపు జరిమానా

ఎంబాతా లాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చర్చిలో ముందు బెంచీలో కూర్చుని వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వుతాడు. ఆ పళ్ళ సందుల్లో నా మేక మాంసం ఇంకా ఇరుక్కునే ఉందనిపిస్తుంది.

మొదలుపెట్టింది మాత్రం మా అన్న కొడుకు క్వానెలే. అన్న పోయాక వాడి మంచిచెడ్డలన్నీ నా నెత్తినే పడ్డాయి. ఇరవై మూడేళ్ళవాడు, టాక్సీ స్టాండు దగ్గర టైర్ల పని చేస్తాడు. ఎంబాతా కూతురు నోసిఫోది కూడా అదే ఈడు, కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఇద్దరూ కలిసి తిరుగుతున్నారని ఊరందరికీ తెలుసు. ఒక పొద్దున వాడు మా దొడ్డి కంచె పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్, లోపలిదాకా వెళ్ళకపోయినా కడుపొస్తుందా?"

"ఎక్కడి లోపలికిరా?"

"అదే బాబాయ్... పైపైనే. తొడల మధ్యే. తనకి నెలసరి రాలేదు. ఫోన్‌లో చూస్తే ఒకడు రాదంటాడు, ఇంకొకడు చెప్పలేమంటాడు."

అది మా తాతలు కుర్రకారుకి నేర్పిన పద్ధతే. అయినా ఆ పద్ధతిలోనే పుట్టినవాళ్ళు మా వీధిలో ఇద్దరున్నారు.

నా మనసు దొడ్లోని పెయ్య మీదికి పోయింది. పిల్లకి కడుపొస్తే ఆమె మేనత్తలు మా గేటు ముందుకొచ్చి చెప్తారు, జరిమానాగా మేం ఆవునిచ్చుకోవాలి. మనమే ముందు వెళ్ళి తప్పు ఒప్పుకుంటే బేరం తగ్గుతుందని నా లెక్క.

"పరీక్ష చేసుకుంటానంది, రేపటిదాకా ఆగు బాబాయ్."

"రేపు వాళ్ళొస్తే పెయ్య పోతుందిరా. పద!"

మా ఆచారం ప్రకారం పిలవకుండా లోపలికి వెళ్ళకూడదు. గేటు బయటే నిలబడి వాళ్ళ వంశం పేరు పిలవాలి, వచ్చిన పని అక్కడి నుంచే చెప్పాలి.

"షాండూ! ఓ షాండూ! మావాడు మీ పిల్లని పాడుచేశాడు!"

"వినపడటం లేదు, గట్టిగా!" అన్నాడు ఎంబాతా లోపలినుంచి.

"కడుపు మాదే! ఒప్పుకుంటున్నాం!"

పక్కిళ్ళ ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఎంబాతా కూడా వచ్చాడు, నోరు తెరుచుకుని.

"ఏ కడుపు తమ్ముడూ?"

వెనకే నోసిఫో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో బాబాయ్, ఏ కడుపూ లేదు! నాకు పొద్దున్నే వచ్చేసింది. ఒరేయ్ క్వానెలే, మెసేజ్ చూసుకోలేదా?"

"చార్జింగ్ లేదే."

వీధంతా నవ్వింది. నేను టోపీ పెట్టుకుని, "మరైతే వస్తాం," అన్నాను.

"ఎక్కడికి? నా గేటు ముందు ఒప్పుకున్నావు, వీళ్ళంతా విన్నారు. కడుపు లేదు కాబట్టి ఆవు అడగను. పిల్లని ముట్టుకున్నందుకు ఒక మేక, వాళ్ళమ్మకి ఇంకో మేక, దుప్పటి."

"పైపైనే ముట్టుకున్నాడయ్యా!"

"అందుకేగా మేకలతో సరిపెట్టాను!"

"నాన్నా, సిగ్గులేదా!" అని మొహం కప్పుకుంది నోసిఫో. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది.

ఆ వారమే ఇద్దరూ చేతులు పట్టుకుని క్లినిక్కుకి వెళ్ళారు. ఆమె కడుపు రాకుండా సూది వేయించుకుంది, వీడు సంచినిండా తొడుగులు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఏ బెంగా లేకుండా నా ముందే ఐస్‌క్రీం తింటూ తిరుగుతున్నారు.

మేకపోతుని ఎంబాతా మర్నాడే కోసుకుతిన్నాడు. వాళ్ళావిడకిచ్చిన ఆడమేక అప్పటికే చూడిదట, నాకు తెలియదు. వాళ్ళ దొడ్లో ఈనింది. నాకు పోయింది మొత్తం రెండు మేకలు, రెండు పిల్లలు, దుప్పటికి ఆరువందల యాభై రాండ్లు.