అంచు మీది పేరు

దర్జీ ఆవిడకి కోపం వస్తే దగ్గరున్న లోహం కాగుతుంది. ఆ వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. మొగుడితో మాటామాటా వినబడగానే ఇరుగుపొరుగు ఇస్త్రీపెట్టెలు తెచ్చి ఆవిడ గుమ్మంలో వరసగా పెట్టేసి, గొడవ సద్దుమణిగాక పట్టుకుపోయేవాళ్లు. ఆవిడ కత్తెర పిడికి ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉండేది. ఆ ఇంట్లో కోపానికి కరువు లేదు కనక, ఆ వీధిలో నలిగిన చొక్కా కనబడేది కాదు.

మొగుణ్ణి అందరూ వీరుడు గారు అనేవాళ్లు. ముప్పై ఏళ్ల కిందటి యుద్ధంలో వచ్చిన వెండి పతకం గోడ మీద గాజుపెట్టెలో వేలాడేది. ఆదివారం ఆదివారం దాన్ని పెళ్లాం చేత తళతళా తోమించేవాడు. ఆయన కూర్చోమంటే ఇంట్లో అందరూ కూర్చోవాలి, లెమ్మంటే లేవాలి. ఎదురు మాట్లాడితే పతకం వైపు వేలు చూపించేవాడు. అదే పటాలంలో పనిచేసిన ఆవిడ అన్నయ్యని మాత్రం గడప తొక్కనివ్వలేదు. తుపాకీ పారేసి పారిపోయిన పిరికిపంద అని ఊరంతా టముకు వేసింది కూడా ఆయనే.

ఇప్పుడా అన్నయ్య ఊపిరితిత్తులు చెడి పెద్దాసుపత్రి వరండాలో చాప మీద పడి ఉన్నాడు. సైనికుల ఆసుపత్రిలో మంచం పతకం వచ్చినవాళ్లకేనని అక్కడి గుమాస్తా నవ్వి పంపేశాడు. వీరుడు గారికి చెబితే, చావనీ అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన గుర్రుపెట్టి నిద్రపోతుంటే దర్జీ ఆవిడ పతకాన్ని గోడ మీంచి తీసింది. అది అమ్మి అన్నయ్యని ఎక్కడైనా మంచి చోట చేర్పిద్దామని, పాత పతకాలు కొనే ముసలాయన దుకాణానికి వెళ్లింది.

ముసలాయన భూతద్దంలోంచి చూస్తూనే చిరాకుపడ్డాడు.

"ఎవరమ్మా దీన్నిలా తోమింది? బొమ్మకి ముక్కు కూడా మిగల్లేదు."

"నేనే. ముప్పై ఏళ్లుగా."

వెండి మీద పట్టిన నలుపే దాని వయసుకి సాక్ష్యమనీ, అది తోమేస్తే సగం వెల పోయినట్టేననీ ఆయన గొణిగాడు. తర్వాత అడ్డం కొలిచాడు. మూడు చోట్ల కొలిచినా ఉండాల్సిన దానికన్నా అర మిల్లీమీటరు తక్కువే వచ్చింది. అంచుని దీపం వైపు తిప్పి వీరుడు గారి పేరు చదివాడు. సైన్యం వాళ్లు పేరు అచ్చులతో కొడతారట. ఇది ఉలితో చెక్కిన పేరు.

"ఎవరో ఆకురాయితో అంచంతా రాకి, ముందున్న పేరు తీసేశారమ్మా. దీనికి వెండి ధర తప్ప రాదు."

"అంటే ఇది ఆయనది కాదా?"

"కాదు."

ముసలాయన గబుక్కున కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చట్రం చెవుల దగ్గర చురుక్కుమంది మరి. అచ్చు దెబ్బ వెండి లోపలికంటా దిగుతుందనీ, పైన రాకినా వేడి తగిలితే ఆ అక్షరాలు తేలతాయనీ చెప్పి, పతకం ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"కాసేపు పట్టుకో తల్లీ. మీ ఆయన్నే తలుచుకో."

తలుచుకోవడానికి ఆవిడకి కష్టం కాలేదు. వీరుడు గారి పేరు కిందినుంచి ముందు ఒక నంబరు నల్లగా తేలింది. యుద్ధం రోజుల్లో ఉత్తరాల మీద ఆవిడ స్వయంగా రాసిన నంబరు. దాని పక్కన అన్నయ్య పేరు.

వీరుడు గారు యుద్ధంలో వెలగబెట్టింది సామాన్ల కొట్లో గుమాస్తాగిరీ, పటాలం టపా కూడా ఆయన చేతికే వచ్చేదని ఆవిడకి తెలుసు. అన్నయ్య గాయాలతో ఆసుపత్రిలో ఉండగా టపాలో వచ్చిన పతకానికి సంతకం పెట్టి తీసుకున్నది ఆ చెయ్యే. సిగ్గులేని చెయ్యి.

పతకం అసలుదే, అంచు చెరిపారు, అసలు హక్కుదారు ఫలానా, బాగా అరిగింది, అమ్మకపు వెల వెండి ధర అని ముసలాయన కాగితం రాసి ముద్ర వేశాడు. సైనికుల ఆసుపత్రి గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదివి, నంబరు పాత పుస్తకంలో సరిచూసుకున్నాడు. ఈసారి నవ్వలేదు. నాలుగింటికల్లా అన్నయ్యకి కిటికీ పక్కన మంచం ఇచ్చారు.

ఆవిడ పతకం అతని చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పింది. అన్నయ్య అంచుని వేలితో తడిమాడు.

"ఎప్పుడొచ్చిందిది?"

"యుద్ధం అయిపోయిన ఏడాదే."

"అంటే, అమ్మ ఉండగానే."

అమ్మ పోయి ఎనిమిదేళ్లు. పిరికివాణ్ణి కన్నదన్న మాట పడుతూ, తల దించుకునే పోయింది. దర్జీ ఆవిడ అవునంది. అన్నయ్య గోడ వైపు తిరిగిపోయాడు. ఆవిడ దుప్పటి సర్ది లేచింది.

"నువ్వు పడుకో అన్నయ్యా. ఇంటికెళ్లి ఆయన్ని తీసుకొస్తాను. ఇక్కడ నిలబెట్టి, ఆ పేరు ఆయన నోటితోనే పైకి చదివిస్తాను."