గొళ్ళెం లేని తలుపులు

మండుతున్న కొలిమిలో మునిసిపాలిటీ మనుషులు రెండు బిందెల నీళ్ళు కుమ్మరించారు. ఆవిరి దూలాల దాకా లేచింది. తాళాలు చేసే వీధిలో అది మొదటి ఇల్లు. ఆ ఇంటి పెద్దమ్మ సుత్తి పట్టుకుని తడిసిన బొగ్గుల్ని చూస్తూ నిలబడిపోయింది.

"ఈ వీధి పాతకాలపు కట్టడం. కాపాడాలా వద్దా అని పరిశీలిస్తున్నాం. తేలేదాకా నిప్పు రాజెయ్యకూడదు, సుత్తి మోత వినపడకూడదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గోడల్ని కాపాడతారు, సరే. గోడల మధ్య ఉన్నవాళ్ళం ఏం తినాలి? ఇళ్ళు మావి. మాకొక్క మాటైనా చెప్పారా?"

"నోటీసులిచ్చి ముప్పై రోజులైంది. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ఒప్పుకున్నట్టే లెక్క. రేపు పదింటికి ఆఖరి విచారణ."

ఎదురింటి అరుగు మీద కూర్చుని తాళంచెవి పళ్ళు తీస్తున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది. ఎప్పుడూ చేతిలో ఆకురాయి ఉంటుంది కనక వీధి ఆయన్ని ఆకురాయి అనే పిలుస్తుంది.

సాయంత్రానికి పెద్దమ్మ మనవరాలు, లా చదువుతున్న పిల్ల, ఆఫీసు నుంచి ఫైలు నకలు తెచ్చింది. వీధంతా చల్లారిన కొలిమి చుట్టూ చేరింది. ఆ పిల్ల చదివింది: "ఇరవై రెండు ఇళ్ళకూ బయట తాళాలు వేసి ఉన్నందున నోటీసులను తలుపులకు అంటించడమైనది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తిత్తులు ఊదే బక్కోడు పకపకా నవ్వాడు.

"బయట తాళమా? మన వీధిలోనా? ఊరందరికీ తాళాలు చేస్తాం గానీ మన తలుపుకి గొళ్ళెమైనా ఉందా?"

లేదు. తాతల కాలంలో ఎవరో కొలిమి ఆర్పకుండా, బయట తాళం వేసి సంతకి వెళ్ళారు. లోపల ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. ఆ రోజు నుంచి ఈ వీధిలో ఏ తలుపుకీ బయట గొళ్ళెం పెట్టలేదు.

"మరి కింద సాక్షిగా సంతకం పెట్టిన మహానుభావుడెవరు?" అన్నాడు బక్కోడే.

"గీత గీసినట్టుంది, పోల్చుకోలేకపోతున్నా," అంది పిల్ల.

ఆకురాయి పోల్చుకున్నాడు. చివర తోకలా వంగిన ఆ గీత ఆయనదే. నెల కిందట కాంట్రాక్టరు మనిషి వచ్చి ఆయన అరుగు మీదే కూర్చున్నాడు. ఇళ్ళు ఖాళీ చేయించి, బాగుచేసి, చూడవచ్చేవాళ్ళకి బసలుగా ఇచ్చే పని ఆ కాంట్రాక్టరుది. "మీ అమ్మాయి మునిసిపాలిటీ ఆఫీసులో ఊడుస్తోంది కదా, ఇంకా పర్మనెంటు కాలేదనుకుంటా," అన్నాడు మెత్తగా. ఆకురాయి సంతకం పెట్టాడు.

"ఎందుకొచ్చిన గొడవ. కొండతో పొట్టేలు ఢీకొంటే విరిగేది కొమ్ములే," అన్నాడిప్పుడు. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"మామా, నువ్వే ఇలా అంటే ఎలా?" అన్నాడు బక్కోడు.

కూతురు పక్కకొచ్చి మంచినీళ్ళ గ్లాసు అందించింది. దినమంతా ఊడ్చి వచ్చిన మనిషి, తను తాగకుండా ముందు ఆయనకిచ్చింది. ఆయన తాగకుండా గ్లాసు కింద పెట్టాడు.

"ఆ సంతకం నాదే. అమ్మాయి పని పోతుందని కాంట్రాక్టరు మనిషి బెదిరిస్తే పెట్టాను," అన్నాడు.

బక్కోడు చెయ్యెత్తాడు. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగరా. వాళ్ళు నీ గుమ్మంలోకొస్తే నువ్వేం చేసేవాడివో నీకు తెలుసా? ఆకురాయి తమ్ముడూ, రేపు విచారణలో ఈ మాట చెబుతావా?"

"చెబితే తాతని లోపలేస్తారు. ఆ సంగతి ముందే తెలియాలి," అంది లా పిల్ల.

ఆకురాయి కూతురి వైపు చూడలేకపోయాడు.

"చీపురు ఎక్కడైనా దొరుకుతుంది నాన్నా," అంది కూతురు.

"ఉత్త మాట ఎవడు నమ్ముతాడు? తలుపులే తీసుకుపోదాం," అన్నాడు బక్కోడు.

తెల్లారగానే ఇరవై రెండు తలుపులు బందులనుంచి ఊడాయి. నలుగురేసి ఒక్కో తలుపు భుజాన ఎత్తుకున్నారు. దారిలో బస్తాలు మోసేవాళ్ళు, కాలేజీ పిల్లలు అడక్కుండానే భుజం పట్టారు. ఆకురాయి తన తలుపు ముందు కొస మోశాడు. పారిపోవాలనిపించిన ప్రతిసారీ తలుపు బరువు ఆయన్ని నిలబెట్టింది.

విచారణ హాల్లో తలుపులు గోడల పొడుగునా నిలబడ్డాయి. ముందు వరస కుర్చీలో కాంట్రాక్టరు.

"ఏంటీ చెక్కలు?" అన్నాడు అధికారి.

"మీ కాగితంలో తాళం వేసి ఉన్నాయన్న తలుపులు," అంది పెద్దమ్మ. "తాళం ఎక్కడ వేశారో వేలు పెట్టి చూపించండి."

అధికారి ఫైలు మూశాడు. ఆకురాయి ముందుకొచ్చాడు.

"అది అబద్ధం. సాక్షిని నేనే. ఒక్క నోటీసూ అంటించలేదు. ఆయన మనిషి బెదిరిస్తే సంతకం పెట్టాను." వేలు కాంట్రాక్టరు వైపు చూపించాడు.

"తప్పుడు సాక్ష్యం ఒప్పుకున్నాడు. తీసుకెళ్ళండి," అన్నాడు అధికారి, కాంట్రాక్టరు వైపు చూడకుండా.

కానిస్టేబులు ఆయన మణికట్టు మీద పాత కాలిన మచ్చ చూసి, సంకెల కాస్త వదులుగా వేశాడు.

"సంతకం పెట్టినవాడికి సంకెలేసి, పెట్టించినవాడికి కుర్చీ వేస్తారా?" అంది కూతురు. ఆ గదిని రోజూ ఊడ్చే మనిషి గొంతు అక్కడ వినపడటం అదే మొదలు.

పెద్దమ్మ నేల మీద చతికిలపడింది. వీధంతా కూర్చుంది. "మా నోటీసులు మా చేతికిచ్చి, ముప్పై రోజులూ మళ్ళీ మొదలెట్టేదాకా తలుపులిక్కడే ఉంటాయి. మేమూ ఇక్కడే. మా ఇళ్ళకిప్పుడు తలుపుల్లేవు. తాళం వేసి ఉందని ఈసారి ఎలా రాస్తారో చూస్తాం."

ఆకురాయిని వ్యానెక్కించారు. అంతలో హాల్లోంచి మోత మొదలైంది. ఎవరో పిడికిలితో తలుపు మీద కొట్టారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇరవై రెండు తలుపులూ. సుత్తి మోత వినపడకూడదన్నవాళ్ళ నెత్తిన అది మోగుతూనే ఉంది. వ్యాను మలుపు తిరిగాక కూడా ఆయనకి వినపడుతూనే ఉంది.